బండికి ఆది

“ఈ బండి మీకోసం కాదు,” అంది భార్య, మెడలో వేలాడే టేపు తీసి మొగుడి మోటార్ సైకిలు సీటు మీద పరుస్తూ.

వెల్డరైన మొగుడి చేతిలో ఆకురాయి ఆగిపోయింది.

ఇంటి వెనక షెడ్డులో అతను చాలా నెలలుగా చేస్తున్న పని ఇదే. తుక్కు కొట్లో దొరికిన, తనకంటే వయసులో పెద్దదైన బండిని తెచ్చాడు. చట్రం కోసి, కురచ చేసి, మళ్ళీ అతికించాడు. మట్టి ట్రాక్ మీద పందేలకు తోలే బండిగా మార్చాడు. లైటు లేదు, హారను లేదు, ముందు చక్రానికి బ్రేకు కూడా లేదు. అదేమంటే ఆ పందేలకు అంతే అంటాడు. మొగుడు ఇంటిపట్టున ఉంటున్నాడు కదా, ఎవరి పిచ్చి వాళ్ళకానందం అని ఆవిడ ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు. ఇవాళ టీ ఇద్దామని వచ్చి, అతను సీటు మీద కూర్చుంటే మోకాళ్ళు మోచేతులకి తగలడం చూసింది. ముందు గదిలో పొద్దస్తమానం బట్టలు కుట్టే మనిషి. ఊరుకుంటుందా? టీ గ్లాసు బల్ల మీద పెట్టేసి టేపు తీసింది.

“నాది కాకపోవడమేంటి? చేస్తున్నది నేనేగా!”

“చేస్తున్నది మీరే. ఎవరికోసం అని అడుగుతున్నాను.” కోపమొస్తే ఆవిడ ‘మీరు’ని మరీ గట్టిగా పలుకుతుంది. “సీటు నుంచి ఫుట్‌రెస్టుకి ఇంతేనా? మీ కాలు రెండు మడతలు పెట్టినా ఇందులో ఇమడదు. హ్యాండిల్ ఇంత దగ్గరికి లాగారు, అంటే చేతులు పొట్టి. సీటు ఇంత వెడల్పు పెట్టారు, అంటే నడుం కింద కాస్త ఒళ్ళున్న మనిషి. ఇది మగాడి కొలత కాదండీ. ఆడమనిషిది.”

వెల్డరు చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధమాడటం చేతకాని మనిషి, ఆడక తప్పని చోట ఇరుక్కున్నాడు.

“ఎవరో కొంటామంటేనూ...” అని నసిగాడు.

“ఎవరో అంటే?”

“ఇప్పుడు చెప్పకూడదు. ఆదివారం దాకా ఆగు.”

ఆదివారం ఊరి చివర పాతకాలం బళ్ళ పందేలున్నాయి. ఈసారి ఆడవాళ్ళకి విడిగా ఓ పందెం పెట్టారని ఆవిడకీ తెలుసు. టేపు బల్ల మీదకి విసిరేసింది.

“అత్తయ్యా! ఇలా రండి, మీ అబ్బాయి నిర్వాకం చూద్దురుగాని!”

సిటీ బస్సు నడిపి రిటైరైన అత్తగారు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. సంగతంతా విని కొడుకుని ఎగాదిగా చూసింది. “ఎవరో చెప్పి చావరా సన్నాసీ! నిప్పు లేందే పొగ రాదు.”

“అమ్మా, నువ్వు కూడానా!”

“ఇంకో సంగతి చెప్పనా అత్తయ్యా? ఈ కొలత నా చేతికి తెలుసు. ఎప్పుడో టేపు పట్టిన ఒళ్ళే ఇది. అంటే నా దగ్గర బట్టలు కుట్టించుకునే మనిషే. నా గుమ్మం తొక్కుతూ, నా చేతే నడుం వదులు చేయించుకుంటూ, నా కొంప...” కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “నేనెందుకింక ఇక్కడ? మా అక్క దగ్గరికి పోతాను.”

ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. వెల్డరు ఆకురాయి కింద పడేశాడు.

“నీకోసమే! నీకోసమే చేశాను బాబోయ్!”

“నాకా?”

“నిరుడు పందేలప్పుడు కంచె పట్టుకుని ఏమన్నావు? ‘నేనైతేనా, ఆ మలుపులో స్పీడు తగ్గించేదాన్నే కాదు’ అన్నావు. పెళ్ళికి ముందు ఆ ట్రాక్ మీద తోలినదానివి. ఇంటికొచ్చాక కూడా అదే ధ్యాస, అన్నం సరిగ్గా తినలేదు. అందుకే ఆడవాళ్ళ పందేనికి నీ పేరిచ్చేశాను. ఆదివారం పొద్దున్నే చెబుదామనుకున్నా.”

ఆవిడ ఏడుపు ఆగిపోయింది. సంతోషమూ వచ్చింది, ఒళ్ళుమంటా వచ్చింది. ముందు ఒళ్ళుమంటే బయటపడింది.

“నాకైతే ఇంత కురచగా చేస్తారా? నేను మీ చెవి దాకా ఉంటాను! దీనిమీద కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. ఇన్నేళ్ళు కాపురం చేసి పెళ్ళాం ఎత్తెంతో తెలీదా?”

“కంటికొలత నమ్మొద్దని రోజూ పోరేది నువ్వే కదా! మనిషి ఎదురుగా లేకపోయినా ఆది బట్ట ఒకటుంటే చాలంటావు. నీ మిషను వెనక మేకుకి నల్ల ప్యాంటూ గళ్ళ చొక్కా వేలాడుతుంటే, నువ్వు బండి తోలినప్పటివనుకుని వాటిని ఆది పెట్టుకుని కాలుకి కాలు, చేతికి చెయ్యి కొలిచి చేశాను. నాకూ కురచగానే అనిపించింది. కానీ కొలత అబద్ధమాడదంటావుగా, నోరు మూసుకుని చేసేశాను.”

ఆవిడ నుదురు కొట్టుకుంది. “నా బట్టలు మేకుకెందుకు తగిలిస్తానండీ? ఆ మేకుకి ఉండేవి సరిచెయ్యమని ఇచ్చినవి!”

“మరైతే అవి ఎవరివి?”

జవాబు రాకముందే షెడ్డు రేకులు దడదడలాడాయి. ఇద్దరూ ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. బండి స్టార్టయి ఉంది. అత్తగారు దాని మీద నిటారుగా కూర్చుని ఉంది. రెండు పాదాలూ నేలకి చక్కగా ఆనాయి, చేతులు హ్యాండిల్‌కి హాయిగా అందాయి.

“ఆ ప్యాంటు నాదిరా సన్నాసీ,” అంది యాక్సిలరేటర్ తిప్పుతూ. “ఇంక బండి కూడా.”