మిరప కల్లంలో మమ్మీ సినిమా

ప్రేమలతకు పాత మమ్మీ సినిమాలంటే, కట్లు చుట్టిన శవాలు లేచొచ్చేవంటే, ప్రాణం. ఎడ్లపాడు శివారులో మిరప కల్లానికి కాపలా వచ్చిన రాత్రి కూడా పాకలో కూర్చుని ఫోన్‌లో ఒకటి పెట్టుకుంది.

"ఏమే, ఆ కట్లోడు ఇంకా గుమ్మం దాటలేదా?" అన్నాడు మొగుడు దేవానందం, ఘాటు తగలకుండా పాత చీర ముఖానికీ చేతులకూ చుట్టుకుంటూ. మంచు పడుతోంది, కాయల మీద పట్టా కప్పాలి.

"వాడికేం తొందరయ్యా? వేల ఏళ్లు పడుకుని లేచాడు. కాళ్లు పట్టేసి ఉండవూ?"

అతను నవ్వుకుంటూ చీకట్లోకి వెళ్లాడు.

ఆ సినిమాల లోపాలు ఆమెకు తెలియనివి కావు. మమ్మీ కాలీడ్చుకుంటూ వచ్చేలోగా పాలు కాచి, తోడుపెట్టి, తాళం వేసి పుట్టింటికి పోవచ్చు. హీరోయిన్ మాత్రం కదలకుండా అరుస్తుంది. కట్టు జారిన చోట బనీను కనిపిస్తుంది. అయినా ఆ ఈడ్పు చప్పుడు వినగానే ఒళ్లు జలదరిస్తుంది.

కాసేపటికి బయట అలాంటి చప్పుడే అయింది. ఒళ్లంతా గుడ్డ చుట్టుకున్న మనిషి వంగి లోపలికొచ్చి, ఆమె పక్కన చాప మీద చతికిలబడ్డాడు.

"కాళ్లక్కూడా చుట్టావేందయ్యా?"

మిరపకాయల్లోంచి వచ్చిన మనిషి దగ్గర ఘాటే లేదు. ఎన్నాళ్లో మూసిన బీరువా వాసన వచ్చింది.

"ఇదిగో, మంచి సీనొచ్చింది చూడు," అని ఫోన్ అటు తిప్పింది.

అప్పుడే కల్లం ఆ చివర ఎవరో గట్టిగా తుమ్మారు.

"ప్రేమా! ఒక్కడి వల్ల కావట్లా, ఈ కొస పట్టుకుందువు రా!" అది దేవానందం గొంతు.

ఆమె చేతిలో ఫోన్ పక్కకు ఒరిగింది. చాప మీది మనిషి, కట్లు చుట్టిన చేత్తో, దాన్ని మెల్లగా మళ్లీ తన వైపు తిప్పుకున్నాడు.