నూట పదమూడో పెట్టె

ఎముకలు మట్టిలో ఎలా దొరికాయో, బల్ల మీద అలాగే పరిచారు. ఎడమ చెయ్యి ఛాతీ మీదికి మడిచి ఉంది.

ఆ చేతిలోంచి పసిబిడ్డను తీసింది మ్యూజియం డైరెక్టరమ్మే.

ఆ పాత సమాధి తవ్వినప్పుడు ఆమెకు ఇరవై ఆరేళ్లు. మోకాళ్ల నిండా మట్టి, చేతిలో కుంచె, పట్టరాని హుషారు. ఒక దేహానికి ఒక నంబరు, ఒక పెట్టె. మ్యూజియం పద్ధతి అది. తల్లి నూట పన్నెండు. బిడ్డ నూట పదమూడు.

తర్వాత తవ్వకాలు పోయి ఫైళ్లు వచ్చిపడ్డాయి. పరిశోధనలకు అనుమతులు, గడువులు, ముద్రలు. వెనకాల అందరూ 'సంతకాల మేడం' అని నవ్వుకునేవారు. విని ఆమే నవ్వేసేది.

బిడ్డ పెట్టెను పరీక్షలకని ఒక ప్రయోగశాలకు అరువిచ్చారు. ఏటేటా గడువు పొడిగిస్తూ సంతకం పెట్టింది ఆమే. చూసి పెట్టిందా అంటే, లేదు.

ఆ ప్రయోగశాల మూతపడి పద్నాలుగేళ్లయిందని పోయిన వారమే తెలిసింది. పెట్టె ఏమైందో చెప్పే నాథుడు లేడు.

అప్పట్నుంచీ అన్నం ముందు కూర్చున్నా, మీటింగులో కూర్చున్నా, కళ్ల ముందు ఆ మడిచిన చెయ్యే. భయమేసేది.

ఆ తవ్వకం జరిగిన ఊరి నుంచి ఇవాళ ఎముకలు తీసుకెళ్లడానికి ఒక పెద్దావిడ వచ్చింది. మా వాళ్లను మా నేలలోనే పూడ్చుకుంటామని తొమ్మిదేళ్లు కాళ్లరిగేలా తిరిగి సాధించిన మనిషి.

ఆవిడ బల్ల మీదికి వంగింది.

"చెయ్యి ఇలా పెట్టుకుందేంటమ్మాయ్? పిల్లేది?"

స్టోరు గుమాస్తా డైరెక్టరమ్మ చెవిలో గొణిగాడు. "పసిపిల్లల ఎముకలు లోపల బోలెడున్నాయి మేడం. ఒక పెట్టె ఇచ్చేద్దాం. శుక్రవారం రిటైరవుతున్నారు, ఇప్పుడెందుకీ గొడవ?"

నిజమే. ఎవరికీ తెలియదు. ఇంకొక్క సంతకం, అంతే.

"పోగొట్టాను పెద్దమ్మా," అంది డైరెక్టరమ్మ. "ఆ చేతిలోంచి తీసింది నేనే. పోగొట్టిందీ నేనే."

గుమాస్తా తల పట్టుకున్నాడు.

పెద్దావిడ తిట్టలేదు.  కుర్చీ ఒకటి లాక్కొచ్చి బల్ల పక్కన వేసింది.

"నాకెందుకు చెప్తావు? ఆవిడకి చెప్పు."

డైరెక్టరమ్మ కూర్చుంది. 

"అమ్మా..." అంది.

ఆ మడిచిన చేతి పక్కన తన చెయ్యి పెట్టింది.