చివరి కథ

పేపరు పట్టుకుని బావ పత్రిక ఆఫీసులోకి రావడం చూడగానే ఆమె రాస్తున్న కలం కింద పెట్టేసింది. ఆ వారం కొత్త పుస్తకాల సమీక్షలో బావ కథల సంపుటిని ఆమె చీల్చి చెండాడింది. పురిట్లోనే పోయిన తన బిడ్డ గురించి అతను రాసుకున్న చివరి కథొక్కటే ప్రాణమున్న కథ అంది.

“కోపమొచ్చిందా బావా?”

“కోపమెందుకు? అద్భుతం అన్నవాళ్లెవరూ పుస్తకం తెరవనేలేదు. నువ్వొక్కదానివే చదివావు.” బావ కూర్చున్నవాడల్లా మళ్లీ లేచాడు. “మీ అక్క ఇన్నాళ్లూ దాన్ని ముట్టుకోలేదు. పొద్దున నీ సమీక్ష చూసి, పుస్తకం తీసుకుని గదిలోకెళ్లి తలుపేసుకుంది. ఎంత పిలిచినా పలకదు. నువ్వొచ్చి పిలువు.”

ఆ బిడ్డ ఊసు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎందుకు రాశానా అనుకుంటూ ఆమె సంచీ అందుకుంది. ఇంతలో ఫోను మోగింది. అక్క.

“మీ బావ అక్కడున్నాడా?” అక్క గొంతు ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది.

“ఉన్నాడక్కా. ఏమైంది?”

“పాపకి జుట్టు ఎంత ఒత్తుగా ఉందో ఆ కథలో ఒక్క ముక్కైనా రాయలేదేమే మీ బావ? ఇంటికి రమ్మను, చెప్తాను.”

“నువ్వే చెప్పక్కా” అంటూ ఆమె ఫోను బావ చేతిలో పెట్టింది.