పక్క డేరా

సైమా సరస్సు ఒడ్డున, కిక్కిరిసిన డేరాల మధ్య, ఎవరెవరి పిల్లలవో అరుపుల నడుమ ముసలి ఆర్వో డేరా మేకులు దిగ్గొడుతున్నాడు. భార్య ఐలి నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"పెళ్లైన దగ్గర్నుంచీ మనిషి అలికిడి లేని దీవులే కావాలని నన్ను పడవలో తిప్పావు. ఇప్పుడీ సంతలో దించుతావా?"

"ఇక్కడ దోమలు తక్కువ."

ఐలి మెడ మీద దోమను చరిచి చంపింది. "నిజం చెప్పు."

ఆర్వో సుత్తి ఆపలేదు. "నా గుండె ఎప్పుడైనా ఆగిపోవచ్చన్నాడు డాక్టరు. దీవిలో నువ్వు కేకేస్తే ఎవరు వస్తారు?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఇల్లు కదలనిచ్చేదానివా?"

ఐలి పక్క డేరా దగ్గరికి వెళ్లి, తన పేరు చెప్పుకుని, "మీలో చిన్న చప్పుడుకే మెలకువొచ్చేది ఎవరికి?" అని అడిగింది.