ఎవరిదైనా సరే

ఆసుపత్రిలో ఐసీయూ బయట కళ్లు మూసుకొని ప్రార్థిస్తున్న సువార్త భుజం మీద ఎవరిదో చెయ్యి పడింది.

ఉలిక్కిపడి లేచింది. డాక్టరేమో అనుకుంది. చెడు కబురు చెప్పేవాళ్లే ముందు భుజం మీద చెయ్యి వేస్తారని ఆమె భయం.

డాక్టరు కాదు. ఎవరో నడివయసు ఆమె. నలిగిన చీర, ఎర్రబడ్డ కళ్లు.

"భయపడకక్కా. నేను సుత ప్రభువు మందిరానికి పోయేదాన్నే. లోపల ఎవరున్నరు?"

"నా బిడ్డ బిందు. మధురానగర్ హాస్టల్ల ఉండి అమీర్‌పేటల కోచింగ్ తీసుకుంటుండె. కామెర్లన్నరు. ఇప్పుడు లివర్ మొత్తం ఖరాబైందట. నాది ఇద్దామంటే షుగరు. వాళ్ల నాయనది కలువలే. వేరేది దొరక్కపోతే..."

పంజాగుట్ట మీదుగా మెట్రో పోయినప్పుడల్లా కిటికీ అద్దం సన్నగా వణుకుతోంది. ఆ వణుకుకు కూడా సువార్త ఉలిక్కిపడి తలుపు వైపు చూస్తోంది.

"ఏమని అడుగుతున్నవక్కా ప్రభువును?"

"లివర్ దొరకాలని. జల్ది దొరకాలని."

"ఎవరిది?"

"ఎవరిదైతేంది! ఎవరిదైనా సరే!"

ఆమె చాలాసేపు సువార్త ముఖంలోకే చూసింది. సువార్త చూపు తిప్పుకుంది.

"నేను సుత జర ప్రార్థన చెయ్యాల్నా?"

వద్దనడానికి భయమేసింది. ప్రార్థనను కాదంటే బిడ్డకు ఏం ముంచుకొస్తుందో! సువార్త కొంగు తలమీద కప్పుకొని మోకరించింది. వచ్చినామె ప్రార్థన మొదలుపెట్టింది.

"ప్రభువా, నీ చిత్తమే కానియ్యి. ఓర్చుకునే బలమియ్యి..."

సువార్త చటుక్కున కళ్లు తెరిచింది.

"ఆపు! ఓర్చుకునుడేంది? గది సమాధుల కాడ చేసే ప్రార్థన!"

"అక్కా..."

"మా పాస్టరయ్య పట్టుబట్టి అడుగుమన్నడు. నువ్వొచ్చి నా బిడ్డను మట్టికి అప్పజెప్తున్నవా? నీ బిడ్డైతే గిట్లనే అంటవా?"

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఓ దుర్గేష్ అన్నా! ఈమెను బయటికి పంపు. దిష్టిబొమ్మ లెక్క నా నెత్తి మీద నిలబడ్డది!"

సెక్యూరిటీ దుర్గేష్ రాకముందే ఆమె కదిలింది.

"బిడ్డ ఇంటికొస్తదక్కా" అంది పోతూ.

సువార్తకు అది కూడా శాపంలాగే వినిపించింది. ఆ రాత్రంతా ఎవరు తలుపు తీసినా బిడ్డ పోయిందని చెప్పడానికే వస్తున్నారనుకుంది.

మర్నాడు పొద్దున నర్సు హైందవి పరుగున వచ్చింది.

"ఆంటీ, దొరికింది! బిందును ఆపరేషన్‌కు రెడీ చేస్తున్నం!"

"స్తోత్రం! స్తోత్రం ప్రభువా! నా మొర విన్నవ్!"

నేలమీద పడి ఏడ్చింది సువార్త. లేచాక నిన్నటి ఆమె గుర్తొచ్చింది. ఎక్కడున్నా వెతికి చెప్పాలి, ప్రార్థనంటే ఎట్లా చెయ్యాలో.

వరండాలోకి వచ్చి ఆగిపోయింది.

డాక్టర్లు, నర్సులు, ఊడ్చేవాళ్లు రెండు వైపులా వరుసగా నిలబడ్డారు. ఎవరూ మాట్లాడడం లేదు. ఎక్కడో చక్రాల చప్పుడు.

"ఏమైంది బిడ్డా?"

హైందవి గొంతు తగ్గించింది. "ఎర్రమంజిల్ కాడ బైక్ మీదికెల్లి పడ్డ పిలగాడు ఆంటీ. మెదడు పనిచేస్తలేదు, ఇగ లేవడు. అవయవాలు ఇస్తున్నరు. ఒక్కడే కొడుకట. అప్పటిదాంక ఒప్పుకోని వాళ్లమ్మ, నిన్న మధ్యాహ్నం ఎటో పోయొచ్చి సరే అన్నది. గందుకే అందరు నిలబడి సాగనంపుతున్నరు."

స్ట్రెచర్ దగ్గరికొచ్చింది. అందరి తలలూ వంగాయి.

సువార్త ఒక్కతే తలెత్తి చూసింది.

కొడుకు ముఖం మీంచి చూపు తిప్పకుండా, పెదవుల్లోనే ప్రార్థిస్తూ స్ట్రెచర్ వెంట నడుస్తున్న ఆ తల్లి, నిన్న తను బయటికి పంపించమన్న ఆమె.