జీపులో వచ్చిన పిల్ల

"కొంచెం మంచినీళ్ళిస్తారా పెద్దమ్మగారూ?"

గుమ్మం ముందు నిలబడ్డ పిల్లని చూడగానే హన్నమ్మకి ఒళ్ళు మండిపోయింది.

భీమడోలు నుంచి ఆటోలో వచ్చినట్టుంది. మొహం ఎండకి కందిపోయింది. అయినా హన్నమ్మ ఇట్టే పోల్చుకుంది. నిరుడు వేసవిలో రొయ్యల ఫ్యాక్టరీ జీపు దిగి, ఊరి మంచినీళ్ళ చెరువులో సీసాలు ముంచుకుని పోయింది ఈ పిల్లే.

"ఇవ్వను," అంది హన్నమ్మ.

"అయ్యో, ఎందుకండీ?"

"ఫ్యాక్టరీ వాళ్ళకి గుక్కెడు నీళ్ళు కూడా పొయ్యకూడదని మా ఊరి కట్టుబాటు. అయినా పొయ్యడానికి నీళ్ళెక్కడున్నాయమ్మా? మీరే కదా కంపు చేసి పెట్టారు! ఆ నీళ్ళు పోసుకుని నా మనవరాలి ఒళ్ళంతా పొక్కులు. బిందెడు నీళ్ళ కోసం రైలు గేటు అవతలి బోరింగు దాకా నడిచి చస్తున్నాం."

"ఆ సంగతి మాట్లాడ్డానికే వచ్చానండీ. నా పేరు ఇందు. ఒక్క మాట..."

"నీ పేరు నాకెందుకు? ఇంతింత చదువులు చదివి, జీతమిచ్చినవాడికి వంత పాడ్డానికి సిగ్గు లేదూ?"

తలుపు మొహం మీదే వేసేసింది.

ఆ రోజే సభ. ఫ్యాక్టరీని రెట్టింపు చేస్తారట. ఊరివాళ్ళ అభిప్రాయం అడగడానికి ఏలూరు నుంచి ఆఫీసరు వస్తున్నాడు. ఫ్యాక్టరీ పెరిగితే మురుగంతా కాలవలోకి, కాలవలోంచి చెరువులోకి. ఇవాళ ఆపలేకపోతే ఆ చెరువు మీద ఆశ వదులుకోవలసిందే.

స్కూలు ఆవరణలో షామియానా వేశారు. ముందు వరుసలన్నీ ఫ్యాక్టరీ లారీల్లో దింపిన జనం. మేనేజరు మధుబాబు మైకు పట్టుకుని ఊదరగొట్టాడు.

"మేం నీళ్ళు శుభ్రం చేశాకే వదులుతున్నామండీ. ఏ దోషమూ లేదని పరీక్షల్లో తేలింది."

"అయితే ఓ గ్లాసుడు తాగి చూపించు బాబూ!" వెనకనుంచి అరిచింది హన్నమ్మ.

జనం నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు.

"కంపు, పొక్కులు అంటే కుదరదమ్మా. పరీక్షల్లో తేలినదానికి ఆ పరీక్షలు తెలిసినవాళ్ళే ఎదురు చెప్పాలి. మీ తరఫున అలాంటివాళ్ళెవరైనా ఉన్నారా?"

ఊరిపెద్ద దేవసహాయం జనం వైపు కలయజూశాడు. అంత చదువుకున్నవాళ్ళు ఆ ఊరికి ఎవరు తెలుసు?

"నేనున్నానండీ."

వెనకనుంచి లేచి మైకు దగ్గరికి నడుస్తోంది ఇందు.

హన్నమ్మ భగ్గుమని దేవసహాయం వైపు తిరిగింది.

"బావగారూ! అది ఫ్యాక్టరీ పిల్లండీ! వాళ్ళ జీపు దిగడం నా కళ్ళతో నేను చూశాను. మన తరఫున కూడా వాళ్ళ మనిషినే నిలబెట్టి, మనచేత సరే అనిపించేస్తారండీ!"

దేవసహాయం మధుబాబు వైపు చూశాడు. మధుబాబు అవుననలేదు, కాదనలేదు. చేతులు కట్టుకుని నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు.

"పెద్దమ్మగారూ, నన్ను చెప్పనివ్వండి..."

"దింపెయ్యండర్రా దాన్ని!" దేవసహాయం లేచాడు. ఆయనతో పాటు ఊరంతా లేచింది. ఎవరో మైకు వైరు లాగేశారు. హన్నమ్మ తనే వెళ్ళి ఆ పిల్ల రెక్క పట్టుకుని షామియానా బయటికి ఈడ్చుకొచ్చింది.

"ఫో! మళ్ళీ ఈ ఊళ్ళో కనిపించావంటే మర్యాద దక్కదు!"

ఇందు కళ్ళు తుడుచుకుంది.

"పోయేది మీ చెరువేనండీ," అని రోడ్డెక్కింది.

లోపల ఆఫీసరు వాచీ చూసుకున్నాడు. "ఊరి తరఫున తెలిసినవాళ్ళెవరూ మాట్లాడలేదు. సభ ముగిసింది," అన్నాడు. జనం చుట్టుముట్టి ఎంత మొత్తుకున్నా వినిపించుకోకుండా జీపెక్కి వెళ్ళిపోయాడు.

ఆ జీపు వెనకాలే తిట్టుకుంటూ రోడ్డు మీదికి వచ్చిన హన్నమ్మ పక్కన మధుబాబు కారు ఆగింది. అద్దం దిగింది.

"పుణ్యం కట్టుకున్నారండీ పెద్దమ్మగారూ!" అన్నాడు నవ్వుతూ.

"నేను పుణ్యం కట్టుకోవడమేమిటయ్యా?"

"ఆ పిల్ల మైకు ముందు నోరు విప్పి ఉంటే మా పని అయిపోయేదండీ. మీ చెరువు పాడైందని పరీక్ష చేసి తేల్చింది తనే, బాగుందని చెప్పమంటే చెప్పనని మా ఉద్యోగం మా మొహాన కొట్టి పోయిందీ తనే."