మిగిలిన రెండు

"ఆడకుక్కపిల్లే కావాలి" అన్నాడు తమ్ముడు.

"మగదే" అంది అక్క.

దర్జీ ఆవిడ కుట్టుమిషను ఆపి ఇద్దరినీ చూసింది. పిల్లకు పన్నెండు, పిల్లాడికి తొమ్మిది ఉంటాయేమో, ఎడ్డెమంటే తెడ్డెమనే వయసు. మిషను పక్కన అట్టపెట్టెలో, లైనింగు గుడ్డముక్కల మీద, కుక్కపిల్లలు రెండూ ఒకదాని మెడ మీద ఒకటి తల వేసుకుని పడుకున్నాయి. వాటికి ఈ గొడవ పట్టలేదు.

ఆరింటిలో మిగిలినవి ఇవే. నాలుగింటిని నలుగురు ఒక్కొక్కటిగా పట్టుకుపోయారు. పోయిన ప్రతిసారీ మిగిలినవి రెండేసి రోజులు పాలు ముట్టలేదు. మొదటిసారి వాటితోపాటు ఆవిడా ఏడ్చింది. నాలుగోసారికి మనసు మొద్దుబారిపోయింది, చొక్కాకు బొత్తాలు కుట్టుకుంటూ కూర్చుంది. ఉంచుకుందామా అంటే, ఆదివారం లోపు కుక్కలైనా వెళ్ళాలి, నువ్వైనా వెళ్ళాలి అని అద్దె ఇంటి యజమాని తేల్చేశాడు. ఈ రెండింటినైనా విడదీయకుండా ఇవ్వాలి. ఆవిడకు ఇక మిగిలిన కోరిక అదొక్కటే.

"మామూలుగా మగపిల్లలు మగదాన్నే అడుగుతారు. నీకు ఆడదెందుకు బాబూ?"

"అదే ఎక్కువ అరుస్తోంది. ఇంట్లో నా మీద అరిచేవాళ్ళు ఒకరుండాలి కదా."

మాట తమాషాగానే ఉంది. వాడి ముఖంలో మాత్రం నవ్వు లేదు.

"వీడికి తిట్లు తినకపోతే తిన్నది అరగదు" అంది అక్క. "నాకు మగదే కావాలి. చెప్పిన మాట వినకూడదు. నా చెప్పులు కొరకాలి."

ఇదేం కోరికరా దేవుడా అనుకుంది దర్జీ ఆవిడ. ఇక పెద్దవాళ్ళే తేల్చాలని అటు తిరిగింది. తండ్రి గుమ్మం దగ్గర బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. తల్లి గోడ అరలోని దారపు ఉండల వైపు చూస్తోంది, ఏ రంగూ ఎంచుకోకుండా.

"మగది కాస్త మొండి, తలుపు తీస్తే వీధిలోనే ఉంటుంది" అని చెప్పింది ఆవిడ. "ఆడది ఇల్లు కనిపెట్టుకుని ఉంటుంది. ఎదకొచ్చినప్పుడు కాస్త జాగ్రత్త పడాలి, అంతే. ఏదివ్వమంటారు సార్?"

"ఏదైనా ఒకటే" అన్నాడు తండ్రి.

"మీరు చెప్పండమ్మా."

"నాకూ అంతే."

ఇంత నెమ్మదైన మొగుడూపెళ్ళాలను ఈమధ్య చూడలేదు అనుకుంది ఆవిడ. ఇదే సమయమని మనసులో మాట బయటపెట్టింది.

"పోనీ రెండూ తీసుకెళ్ళండి. ఇవి విడిగా ఉండలేవు. ఒకదాన్ని ఎత్తితే రెండోది గుక్కపట్టి ఏడుస్తుంది. కావాలంటే చూడండి."

ఆడదాన్ని చేతిలోకి తీసుకుంది. మగది నిద్రలోనే పక్కన తడుముకుని, ఏమీ తగలక, ఏడుపు లంకించుకుంది. అక్కాతమ్ముళ్ళు వాదన ఆపేశారు. వచ్చాక మొదటిసారి తల్లీ తండ్రీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"సరే. రెండూ ఇచ్చెయ్యండి" అన్నాడు తండ్రి.

దర్జీ ఆవిడకు నెల రోజుల తర్వాత హాయిగా ఊపిరి ఆడింది. పెట్టెలో పాత గుడ్డలు తీసేసి మెత్తని ముక్కలు పరిచింది. గాలి కోసం అట్టకు కత్తెర మొనతో చిల్లులు పొడిచింది. రెండింటినీ పక్కపక్కన పడుకోబెట్టి, మూత వేసి, పెట్టెను తల్లి చేతికి అందించబోయింది.

ఆమె అందుకోలేదు.

"ఇంకో పెట్టె ఉంటే ఇవ్వండి" అంది. "పాప నాతో వస్తుంది. బాబు రేపటినుంచి వాళ్ళ నాన్న ఇంట్లో ఉంటాడు."